మేడ మీద నుంచి ఓరియన్ నెబ్యులా ఫొటో ఎలా తీయాలి?

సామాను సంగతి త్వరగా తేల్చేద్దాం. 60 నుంచి 80 మిల్లీమీటర్ల చిన్న రిఫ్రాక్టర్ (ముందు కటకం ఉండే టెలిస్కోపు), మోటార్ ఉన్న ఈక్వటోరియల్ మౌంట్ (టెలిస్కోపును మోస్తూ, చుక్కల వెంటే తిప్పే స్టాండు), పాతదైనా సరే ఒక డీఎస్ఎల్ఆర్ కెమెరా, దాన్ని టెలిస్కోపుకు తగిలించే టీ-రింగ్. మొదట్లోనే ఎనిమిది అంగుళాల న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే పెద్ద గొట్టం టెలిస్కోపు) కొనకండి, మేడ మీద గాలికి తెరచాపలా ఊగుతుంది. డబ్బులు మిగిలితే మౌంట్ మీద పెట్టండి.

మొదటి నెబ్యులా (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం) అంటే ఎం42నే, అంటే ఈ ఓరియన్ నెబ్యులానే, ఇంకో మాట లేదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గొల్లకావిడి (ఓరియన్‌లో వరసగా ఉండే మూడు చుక్కలు) కింద వేలాడే చిన్న చుక్కల్లో ఉంటుంది, సిటీ వెలుతురులోనూ దొరుకుతుంది.

అందరూ బోల్తా పడేది పోలార్ అలైన్‌మెంట్ దగ్గర, అంటే మౌంట్ తిరిగే అక్షాన్ని ఆకాశంలో సరైన చోటికి గురిపెట్టడం దగ్గర. ఆ అక్షం సరిగ్గా ఖగోళ ధ్రువం (చుక్కలన్నీ దేని చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తాయో ఆ బిందువు) వైపు చూడకపోతే మోటార్ ఎంత ఖరీదైనదైనా చుక్కలు గీతలైపోతాయి. ధ్రువ నక్షత్రాన్ని పోలార్ స్కోప్‌లో (మౌంట్ అక్షంలో ఉండే చిన్న దూరదర్శినిలో) పెట్టెయ్యండి చాలు అని విదేశీ వీడియోల్లో ఒక్క ముక్కలో చెప్పేస్తారు. లండన్‌లో అది 51 డిగ్రీల ఎత్తున ఉంటుంది మరి! హైదరాబాద్‌లో 17 డిగ్రీలే, అంటే పక్క అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకు వెనకాలో, దుమ్ములోనో ఉంటుంది. ఫోన్ కంపాస్ సంగతి అసలు ఎత్తకండి, స్లాబ్‌లోని ఇనుము దాన్ని తప్పుదారి పట్టిస్తుందని అందరూ మర్చిపోతారు.

డ్రిఫ్ట్ పద్ధతే దిక్కు, అంటే చుక్క ఎటు జారుతోందో చూసి అక్షాన్ని సరిచేయడం. ముందు దక్షిణాన, బాగా ఎత్తులో, ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) దగ్గరున్న ఒక నక్షత్రాన్ని కెమెరా తెరమీద లైవ్ వ్యూలో పెద్దది చేసి మధ్యలో పెట్టండి. టెలిస్కోపు గొట్టాన్ని ధ్రువం వైపు కాస్త జరపండి, చుక్క ఎటు కదిలిందో తెరమీద అదే దక్షిణం, గుర్తుపెట్టుకోండి. చుక్కను మళ్లీ మధ్యకు తెచ్చి మోటార్ నడవనివ్వండి. దక్షిణానికి జారితే మౌంట్‌ను పడమరకు తిప్పండి, ఉత్తరానికి జారితే తూర్పుకు. తూర్పు పడమరల జారుడు పట్టించుకోకండి, అది మోటార్ గోల. తర్వాత తూర్పున గొల్లకావిడి పైకి వచ్చాక దాని పై చుక్కను పట్టుకోండి, అది దాదాపు మధ్యరేఖ మీదే ఉంటుంది. దక్షిణానికి జారితే అక్షం ఎత్తండి, ఉత్తరానికైతే దించండి. ఐదు నిమిషాలు చుక్క కదలకుండా ఉండేదాకా ఈ రెండూ మార్చి మార్చి చెయ్యాలి. గంట పట్టినా సరే, ఇక్కడ తొందరపడితే రాత్రంతా దండగ. ఒక స్క్రూ బిగిస్తే ఇంకోటి కదులుతుంది, అందుకే బిగించాక మళ్లీ చూసుకోవాలి. ఆ తర్వాత ట్రైపాడ్‌కి కాలు తగలనివ్వకండి.

మిగతాదంతా సులువు. బహ్తినోవ్ మాస్క్‌తో (టెలిస్కోపు ముందు పెట్టే, గీతల గీతల చీలికలున్న మూతతో) ఫోకస్, ఐఎస్‌వో 800, 30 సెకన్ల ఫొటోలు వంద. నెబ్యులా నడిబొడ్డు తెల్లగా కాలిపోతుంది కాబట్టి 5 సెకన్లవి ఓ ఇరవై విడిగా తీసి తర్వాత కలపండి. ఫొటోలను ఒకదానిపై ఒకటి పేర్చి కలిపే డీప్‌స్కైస్టాకర్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. కెమెరా సెన్సార్ మచ్చలు తీసేయడానికి మూత పెట్టి తీసే డార్క్ ఫ్రేములు మాత్రం అప్పుడే, అదే చలిలో తీయండి, మర్నాడు మధ్యాహ్నం గదిలో తీస్తే పనికిరావు.