పాత వీలునామా చదివి, ఎత్తి రాసుకోవడం ఎలా

తాతగారి వీలునామా చేతికొస్తే ముందు ఎవరికేం రాశారో వెతుకుతారు. ఆ ఆస్తి ఎప్పుడో చేతులు మారిపోయి ఉంటుంది. వంశవృక్షం కావాలంటే చూడాల్సింది హద్దులు, సాక్షులు. విశాఖలో దస్తావేజులు రాసి బతికినవాణ్ణి, నా కళ్ళు ముందు అటే పోతాయి. ‘తూర్పు: మా పినతండ్రి కుమారుడు అప్పలస్వామి దొడ్డి’ అని ఒక్క ముక్క ఉంటే చాలు, తెగిపోయిన శాఖ ఒకటి దొరికినట్టే.

కాగితం ఇంట్లో లేదా? రిజిస్టరైనదైతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మూడో పుస్తకంలో, అంటే వీలునామాలు ఎక్కించే రిజిస్టరులో ఉంటుంది. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి ‘ఏమీ రాలేదండీ’ అంటారు చాలామంది. ఈసీ వచ్చేది స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకంలోంచి, అందులో వీలునామా ఎందుకు కనిపిస్తుంది? రాసినవారు పోయాక ఎవరైనా నకలు అడగొచ్చు, మరణ ధ్రువపత్రం పట్టుకెళ్ళండి. కాగితం మీద ‘విశాఖపట్టణం జిల్లా’ అని ఉన్నంత మాత్రాన ఇక్కడే వెతక్కండి. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో వేరు జిల్లాలయ్యాయి. ముందు ఊరు చూడండి, తర్వాత ఆఫీసు.

ప్రొబేట్ అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ. ఆ కాగితాల కోసం కోర్టుకి వెళ్ళేముందు ఒక మాట. హిందువులకి మద్రాసు నగరంలో రాసిన వీలునామాకో, అక్కడి స్థిరాస్తికో ప్రొబేట్ తప్పనిసరి అయ్యేది గానీ మన జిల్లాలో కాదు. అందుకే చాలా ఇళ్ళకి కోర్టు ఫైలే ఉండదు. క్రైస్తవ కుటుంబాల సంగతి వేరు. 2002లో చట్టం మారేదాకా వీలునామా హక్కు కోర్టులో నిలవాలంటే వారికి ప్రొబేట్ కావాలి కాబట్టి జిల్లా కోర్టులో అడగడం దండగ కాదు.

ఇక చదవడం. పాత రైటర్లది గొలుసుకట్టు రాత, కలం ఎత్తకుండా లాగేస్తారు. ‘స్వస్థచిత్తముతో’, ‘నా జీవితానంతరము’, ‘నా యావదాస్తి’ లాంటి మాటలు దాదాపు ప్రతి వీలునామాలోనూ ఉంటాయి. ముందు వాటిని పట్టుకుని, ఆ రైటరు ‘వ’ ఎలా రాస్తాడో, ‘న’ ఎలా తిప్పుతాడో పక్క కాగితం మీద దించుకోండి. ఆ పట్టిక చేతిలో ఉంటే పేర్ల దగ్గర టెన్షన్ ఉండదు. పేర్లని ఊహతో పూరించకూడదు. మన వైపు తాత పేరే మనవడికి పెడతారు, ఒకే ఇంట్లో ఇద్దరు సింహాచలాలు, ముగ్గురు అప్పలనాయుళ్ళు మామూలే. తండ్రి పేరు, ఇంటిపేరు కలిపి చూస్తేనే ఎవరెవరో తేలుతుంది. దత్తత వెళ్ళినవాడి ఇంటిపేరు మారిపోతుంది, అదీ గమనించండి. మేనరికాల వల్ల ఒకే మనిషి ఒకచోట మేనల్లుడిగా, ఇంకోచోట అల్లుడిగా కనిపిస్తాడు. రెండూ ఉన్నవి ఉన్నట్టే రాయండి.

పంక్తికి నంబరు వేసి, అసలులో పంక్తి ఎక్కడ తెగితే మీరూ అక్కడే తెంచండి. తప్పులు దిద్దకండి. అరసున్న, బండి ఱ, ౧ ౨ ౩ అంకెలు అన్నీ యూనికోడ్‌లో ఉన్నాయి, మార్చాల్సిన పని లేదు. అర్థం కాని అక్షరానికి ప్రశ్నార్థకం పెట్టి ముందుకి పోండి. రెండో పేజీలో అదే మాట శుభ్రంగా దొరకవచ్చు.

తేదీ దగ్గర జాగ్రత్త. ‘శ్రీముఖ నామ సంవత్సర మాఘ బహుళ’ అని ఉంటే తొందరపడి 1933 అనేస్తారు. ఏడాది ఉగాదికి మొదలవుతుంది కాబట్టి ఆ మాఘం 1934లో పడుతుంది. అరవై ఏళ్ళ ముందు ఇంకో శ్రీముఖ ఉంది, 1873లో మొదలైంది. ఏదో తేల్చుకోవడానికి స్టాంపు కాగితం, రిజిస్ట్రేషను ముద్ర చూడండి. డబ్బు ‘రు. 12-8-0’ అని ఉంటే పన్నెండున్నర రూపాయలు. మధ్యది అణాలు, రూపాయికి పదహారు.

సముద్రపు తేమకి మడతల దగ్గర కాగితం చీలిపోతుంది. సెల్లోటేపు అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు. కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా, పేజీ వెనకవైపు కూడా ఫోటో తీయండి. రిజిస్ట్రేషను ముద్రలు, వేలిముద్రలు తరచుగా అక్కడే ఉంటాయి.

మీరు ఎత్తి రాసుకున్న కాపీ మొదటి పేజీలో దస్తావేజు నంబరు, సంవత్సరం, ఆఫీసు పేరు, అసలు కాగితం ఎవరింట్లో ఉందో వేసి పెట్టండి. ఫోటో ఫైళ్ళకీ అదే నంబరు.