హాస్పిటల్ డేటా సెక్యూరిటీ, పేషెంట్ ప్రైవసీ లైన్‌లోకి రావాలంటే ఏం చెయ్యాలి

మెడికల్ కోడింగ్ చేస్తూ రోజూ చార్టులు చూసి చూసి విసుగొచ్చినవాళ్ళు, నర్సింగో బీఫార్మసీనో అయ్యాక ఐటీ వైపు రావాలనుకునేవాళ్ళు, బీటెక్ అయ్యి సైబర్ సెక్యూరిటీ అంటే ఇష్టం ఉన్నా ఎక్కడ మొదలెట్టాలో తెలియనివాళ్ళు, వీళ్ళందరికీ సరిపోయే లైన్ ఒకటుంది, హాస్పిటల్ డేటాని కాపాడే పని. అమీర్‌పేటలో బోర్డులు చూస్తే మెడికల్ కోడింగ్ అని ఉంటుంది, పక్కనే ఎథికల్ హ్యాకింగ్ అని ఉంటుంది, ఈ రెండూ కలిసే చోట కూడా ఉద్యోగాలు ఉన్నాయని మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందే ఒక మాట. ఈ పనికి సెక్యూరిటీ టూల్స్ కంటే ముందు హాస్పిటల్ ఎలా నడుస్తుందో తెలియాలి. ఫైర్‌వాల్ రూల్స్ రాయడం ఎవరైనా నేర్పిస్తారు. కానీ ఐసీయూలో నైట్ డ్యూటీ సిస్టర్ ఏ స్క్రీన్ ఎన్నిసార్లు తెరవాల్సొస్తుంది, ల్యాబ్ మెషీన్ పక్కనున్న కంప్యూటర్‌కి అప్‌డేట్లు ఎందుకు వెయ్యరు, ఇన్సూరెన్స్ డెస్క్ నుంచి టీపీఏకి (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) ఏ కాగితాలు ఎవరి మెయిల్లో వెళ్తాయి, ఇవన్నీ తెలిసినవాళ్ళు సెక్యూరిటీ టీముల్లో చాలా తక్కువ. కాబట్టి హాస్పిటల్ వైపు నుంచి వచ్చేవాళ్ళు మాకు ప్రోగ్రామింగ్ రాదు కదా అని వెనక్కి తగ్గాల్సిన పనే లేదు, మీ దగ్గర ఉన్నదే ఇక్కడ దొరకనిది.

ఈ పని ఎంత అవసరమో తెలియాలంటే ఢిల్లీ ఎయిమ్స్ సంగతి చూడండి. 2022 నవంబరు 23న అక్కడి సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి (ఫైళ్ళకి తాళం వేసి డబ్బులు అడిగేది) జరిగింది, దాదాపు రెండు వారాలు ఓపీ, అడ్మిషన్లు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ చేత్తో రాసి నడిపించారు. నెట్‌వర్క్‌ని సరిగ్గా విభజించకపోవడం కారణమని తర్వాత ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది, అంటే ఒక చోట దూరినవాడు మిగతా చోట్లకి కూడా నడిచి వెళ్ళిపోయాడన్నమాట. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో ఛేంజ్ హెల్త్‌కేర్ అనే క్లెయిమ్స్ కంపెనీది ఇంకా పెద్దది, అక్కడ దొంగలు వచ్చిన దారి మల్టీ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్ లేని ఒక రిమోట్ లాగిన్ పోర్టల్, దానివల్ల దేశమంతా మందుల షాపుల్లో క్లెయిములు ఆగాయి, సుమారు 19 కోట్ల మంది వివరాలు పోయాయి, ఆ దొంగలకి 2 కోట్ల 20 లక్షల డాలర్లు కట్టారు. ఒక్క లాగిన్ దగ్గర రెండో తాళం లేక.

నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం ఫిన్లాండ్‌ది. వాస్తామో అనే కౌన్సెలింగ్ సంస్థ నుంచి పేషెంట్లు డాక్టర్లకి చెప్పుకున్న మాటలు దొంగిలించి, 2020లో ఒక్కొక్క పేషెంటుకీ విడిగా మెయిల్ పెట్టి డబ్బులు ఇవ్వకపోతే బయటపెడతామని బెదిరించారు. క్రెడిట్ కార్డు నంబర్ పోతే కార్డు మార్చుకుంటాం, డిప్రెషన్ గురించో హెచ్ఐవీ గురించో గర్భం గురించో బయటికి వచ్చాక దాన్ని మార్చేదెవరు, మన ఊళ్ళల్లో అయితే పెళ్ళి సంబంధాలే ఆగిపోతాయి. ఈ లైన్‌లోకి వచ్చేవాళ్ళు జీతం సంగతితో పాటు దీన్ని కూడా మనసులో పెట్టుకుని రావాలని నా కోరిక.

ఏయే ఉద్యోగాలు ఉంటాయి

హైదరాబాద్‌లో అమెరికా హాస్పిటళ్ళకి బిల్లింగ్, కోడింగ్ చేసే కంపెనీలు చాలా ఉన్నాయి, ఆ క్లయింట్లతో బిజినెస్ అసోసియేట్ అగ్రిమెంట్ (పేషెంట్ డేటాని కాపాడతామనే ఒప్పందం) ఉంటుంది కాబట్టి వాటిల్లో హిపా (అమెరికా పేషెంట్ ప్రైవసీ చట్టం) కంప్లయన్స్ టీమ్ అనేది ఏదో ఒక పేరుతో ఉంటుంది, కోడర్లకి అదే దగ్గర దారి. ప్రైవసీ అనలిస్ట్ అంటే ఎవరు ఎవరి రికార్డు తెరిచారో లాగులు చూడటం, ఫిర్యాదు వస్తే విచారించడం. జీఆర్సీ (గవర్నెన్స్, రిస్క్, కంప్లయన్స్) అంటే రిస్క్ అసెస్‌మెంట్లు, పాలసీలు, వెండర్లకి ప్రశ్నల షీట్లు పంపి వచ్చిన జవాబులు నిజమా కాదా తేల్చడం. రాత మీద పట్టు ఉన్నవాళ్ళకి ఇది బాగుంటుంది. సాక్‌లో (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) అలర్టులు చూసే పని, నెట్‌వర్క్ పని బీటెక్ వాళ్ళకి తెలిసిందే. ఇంకోటి ఇంటిగ్రేషన్, హెచ్ఎల్7, ఫైర్ (FHIR) లాంటి స్టాండర్డ్స్ మీద ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పేషెంట్ డేటా పంపే పని, ఇందులో రెండేళ్ళు చేసి సెక్యూరిటీకి మారినవాళ్ళకి మంచి విలువ ఉంటుంది.

మొదట చెయ్యాల్సింది: ఒక పేషెంట్ వెనకాలే వెళ్ళండి

ఏ కోర్సులోనూ చేరకముందే ఒక కాగితం తీసుకుని, ఒక పేషెంట్ ఓపీ కౌంటర్ దగ్గర పేరు, ఫోన్ నంబర్ చెప్పిన దగ్గర్నుంచి డిశ్చార్జ్ అయ్యేదాకా ఆ వివరాలు ఎక్కడెక్కడికి వెళ్తాయో గీయండి. హాస్పిటల్ సాఫ్ట్‌వేర్, ల్యాబ్ సాఫ్ట్‌వేర్, ఎక్స్‌రే సీటీ బొమ్మలు దాచే ప్యాక్స్, ఫార్మసీ, టీపీఏ, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ అయితే ప్రీ ఆథరైజేషన్‌కి (చికిత్సకి ముందే తీసుకునే అనుమతి) పెట్టే ఫోటోలు, స్కాన్లు. తర్వాత ఎర్ర పెన్నుతో ఆ దారిలో లేకుండా పక్కదారిలో వెళ్ళేవి గీయండి. డాక్టర్ గారికి వాట్సాప్‌లో పంపే రిపోర్ట్ ఫోటో, మెషీన్ కంపెనీ ఇంజనీరు రిపేర్ కోసం ఎనీడెస్క్‌లో (దూరం నుంచి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) లోపలికి రావడం, ఫ్రంట్ ఆఫీసులో పెన్‌డ్రైవ్. ఎర్ర గీతలే మీ ఉద్యోగం.

అందులో ఒకటి దగ్గర్నుంచి చూద్దాం. వార్డులో నర్సింగ్ స్టేషన్ దగ్గర ఒక కంప్యూటర్, పొద్దున డ్యూటీ మొదలైనప్పుడు ఒక సిస్టర్ లాగిన్ అయితే సాయంత్రం దాకా అందరూ అదే లాగిన్‌లో పని చేస్తారు, పాస్‌వర్డ్ చీటీ మానిటర్ కింద అంటించి ఉంటుంది. బయట నుంచి వచ్చిన సెక్యూరిటీ ఆడిటర్ దీన్ని తప్పు అని రాసి, రెండు నిమిషాలకి స్క్రీన్ లాక్ అయ్యేలా పెట్టమని చెప్పి వెళ్ళిపోతాడు. అలా పెడితే ఏమవుతుందంటే బీపీ పడిపోతున్న పేషెంట్ దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చిన సిస్టర్ పాస్‌వర్డ్ కొట్టలేక కాగితం మీద రాసుకుంటుంది, మందు ఎంట్రీ ఆలస్యమవుతుంది, అప్పుడు నిజంగానే ప్రాణం మీదకి వస్తుంది. దీనికి సరైన దారి ఐడీ కార్డు ట్యాప్ చేస్తే లాగిన్ మారిపోయేలా పెట్టడం, ఎమర్జెన్సీలో ఏ రికార్డైనా తెరవనిచ్చి ఎందుకు తెరిచారో కారణం అడిగి తర్వాత తప్పకుండా రివ్యూ చెయ్యడం, దీన్నే బ్రేక్ ది గ్లాస్ అంటారు. సిస్టర్లని తిట్టే సెక్యూరిటీ వాళ్ళు హాస్పిటల్‌లో నిలబడరు, నిలబడకూడదు కూడా.

ఇంట్లో ప్రాక్టీస్

దీనికి రూపాయి ఖర్చు లేదు, ఒక మామూలు ల్యాప్‌టాప్ చాలు. సింథియా అనే ఉచిత టూల్‌తో ఊహాజనిత పేషెంట్ల రికార్డులు తయారు చేసుకోండి, వాటిని ఓపెన్ఈఎమ్ఆర్ అనే ఉచిత హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌లోనో హాపీ ఫైర్ సర్వర్‌లోనో వేసి రిసెప్షన్‌కి ఏం కనపడాలి, డాక్టర్‌కి ఏం కనపడాలి, బిల్లింగ్ వాళ్ళకి ఏం కనపడకూడదు అని రోల్స్ పెట్టి చూడండి. నిజం పేషెంట్ల డేటా మాత్రం ప్రాక్టీస్‌కి అస్సలు వాడొద్దు, ఆఫీసు నుంచి ఒక్క స్క్రీన్‌షాట్ కూడా ఇంటికి తేవద్దు, పేరు చెరిపేశాను కదా అనుకుని కూడా వద్దు.

ఎందుకు వద్దో ఇంకో టూల్‌తో మీకే అర్థమవుతుంది. ఆర్థాంక్ అని ఉచిత డైకామ్ (స్కాన్ బొమ్మల ఫైల్ స్టాండర్డ్) సర్వర్ ఉంది, ఇన్‌స్టాల్ చేసి శాంపిల్ స్కాన్ ఫైళ్ళు ఎక్కించండి, బ్రౌజర్‌లో 8042 పోర్ట్ మీద తెరుచుకుంటుంది. ఒక ఫైల్ ట్యాగులు చూస్తే 0010,0010 దగ్గర పేషెంట్ పేరు ఉంటుంది, దాని కిందే పుట్టిన తేదీ ఉంటుంది. సరే పేరు తీసేశాం అనుకోండి, 0008,0050లో యాక్సెషన్ నంబర్ (ఆ స్కాన్‌కి హాస్పిటల్ ఇచ్చే నంబర్) అలాగే ఉంటే హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌లో అది కొట్టగానే మనిషి దొరికిపోతాడు. అదీ తీసేశారు, కానీ అల్ట్రాసౌండ్ అయితే పేరు బొమ్మ మీదే పైన ఎడం పక్కనో కుడి పక్కనో అచ్చయి ఉండొచ్చు, ట్యాగులు ఎన్ని తీసినా అది పోదు. ఈ మూడు మెట్లూ మీరే చేసి, ఏ మెట్టు దగ్గర ఏం మిగిలిపోయిందో రెండు పేజీలు రాసి పెట్టుకోండి. ఫ్రెషర్ చేతిలో ఇది ఉంటే ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఆగి చదువుతారు, పది సర్టిఫికెట్ల పేర్లు రాసినా అలా ఆగరు.

చట్టాలు ఎంతవరకు చదవాలి

హిపా 1996 నాటి అమెరికా చట్టం. ప్రైవసీ రూల్, సెక్యూరిటీ రూల్, బ్రీచ్ నోటిఫికేషన్ రూల్ ఈ మూడూ వేరు వేరుగా అర్థం చేసుకోండి, ఆఫీసులో ఏటా ఇచ్చే ట్రైనింగ్ స్లైడ్లు సరిపోవు. పనికి కావలసినంతే చూడాలి అనే మినిమమ్ నెసెసరీ సూత్రం, డేటా నుంచి మనిషిని వేరు చెయ్యడానికి తియ్యాల్సిన 18 రకాల గుర్తులు బాగా గుర్తుండాలి. ఆ 18లో సంవత్సరం తప్ప మిగతా తేదీలన్నీ వస్తాయి, అంటే డేట్ ఆఫ్ సర్వీస్ కూడా వస్తుంది, 89 ఏళ్ళు దాటినవాళ్ళ వయసు కూడా వస్తుంది. రోజూ వందల చార్టులు చూసే కోడర్లలో చాలామందికి ఇది తెలియదు.

మన దేశంలో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకి అమల్లోకి వస్తాయి. సెక్యూరిటీ సరిగ్గా పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. కాబట్టి ఇప్పటిదాకా దీన్ని పట్టించుకోని హాస్పిటళ్ళకి కూడా మనుషులు కావాలి, మొదలెట్టడానికి ఇదే సమయం. సైబర్ దాడి తెలిసిన 6 గంటల్లో సెర్ట్ ఇన్‌కి (సైబర్ దాడులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చెప్పాలని 2022 నుంచే ఉంది. హెచ్ఐవీ చట్టం 2017, మానసిక ఆరోగ్య చట్టం 2017లో గోప్యత గురించి ఉన్న సెక్షన్లు కూడా చదవండి, ఎవరూ చదవరు కానీ హాస్పిటల్‌లో అవి రోజూ అవసరమవుతాయి. ఆభా నంబర్ (ఒక్కొక్కరికి ఇచ్చే డిజిటల్ హెల్త్ ఐడీ), ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో కన్సెంట్ ఎలా తీసుకుంటారో తెలుసుకోడానికి దాని శాండ్‌బాక్స్ డాక్యుమెంట్లు చాలు.

సర్టిఫికెట్లు, ఉద్యోగ ప్రయత్నం

సర్టిఫికెట్లకి మరీ డబ్బులు పోయొద్దు. బేసిక్స్‌కి సెక్యూరిటీ ప్లస్ అనే సర్టిఫికెట్ ఒకటి, ప్రైవసీ వైపు అయితే డీఎస్సీఐ (నాస్కామ్ పెట్టిన డేటా సెక్యూరిటీ సంస్థ) వాళ్ళ డీసీపీపీ, అమెరికా క్లయింట్ల పని అయితే కొంత అనుభవం వచ్చాక అహిమా (అమెరికాలో హెల్త్ రికార్డుల నిపుణుల సంఘం) వాళ్ళ సీహెచ్‌పీఎస్. సీఐఎస్ఎస్‌పీ అనే పెద్ద సెక్యూరిటీ సర్టిఫికెట్‌కి ఐదేళ్ళ అనుభవం అడుగుతారు, ఇప్పుడే దాని జోలికి వెళ్ళొద్దు. ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి, కన్సల్టెన్సీ వాళ్ళు మూడేళ్ళ ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెడతాం అంటే ఒప్పుకోవద్దు, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరుకుతారనేది ఒకటైతే, పేషెంట్ల రహస్యాలు చేతిలో పెట్టే ఉద్యోగానికి అబద్ధంతో వెళ్ళడం నాకు అస్సలు మింగుడు పడదు.

ఇప్పటికే కోడింగ్ కంపెనీలో ఉన్నవాళ్ళు బయట వెతకడం కంటే ముందు లోపల అడగండి. క్లయింట్ ఆడిట్ వచ్చేటప్పుడు ఎవిడెన్స్ పోగెయ్యడానికి మనుషులు దొరక్క కంప్లయన్స్ టీమ్ ఇబ్బంది పడుతూ ఉంటుంది, మీ మేనేజర్‌తో మాట్లాడి ఆ రెండు వారాలు సాయం చేస్తాననండి. అలా రెండు ఆడిట్లు చేస్తే రెజ్యూమెలో రాయడానికి నిజమైన పని ఉంటుంది, ఇంటర్నల్ జాబ్ పోస్టింగ్ పడ్డప్పుడు వాళ్ళకి మీ పేరు తెలిసే ఉంటుంది.

ఇంటర్వ్యూలో తరచూ అడిగేది, ఒక ఉద్యోగి పేషెంట్ రిపోర్ట్‌ని పొరపాటున వేరేవాళ్ళ మెయిల్‌కి పంపేస్తే ఏం చేస్తారు అని. వెంటనే ఆ ఉద్యోగి మీద యాక్షన్ తీసుకుంటాం అని చెప్పకండి, ఎక్కువమంది అదే చెప్తారు. ముందు ఎప్పుడు తెలిసిందో టైమ్ రాసుకుంటానని చెప్పండి, ఎందుకంటే హిపాలో గడువు తెలిసిన రోజు నుంచే లెక్క, ఆలస్యం చెయ్యకుండా, ఎంత లేటైనా 60 రోజుల్లోపు పేషెంటుకి చెప్పాలి, 500 మంది లేదా అంతకంటే ఎక్కువ అయితే అదే గడువులో ప్రభుత్వానికి కూడా చెప్పాలి. తర్వాత నాలుగు విషయాలు తేల్చాలి, పోయిన డేటా ఎలాంటిది, ఎవరి చేతికి వెళ్ళింది, వాళ్ళు నిజంగా తెరిచి చూశారా, నష్టం తగ్గించడానికి మనం ఏం చేశాం. వెళ్ళింది ఇంకో హాస్పిటల్ డాక్టర్‌కి అయ్యి, చూడకుండా డిలీట్ చేశానని రాసిస్తే ఒక దారి, ఎవరో తెలియని జీమెయిల్‌కి వెళ్తే ఇంకో దారి. ఇదంతా చెప్పాక క్లయింట్ అగ్రిమెంట్ తీసి చూస్తానని కూడా చెప్పండి, చట్టంలో 60 రోజులు ఉన్నా చాలా అగ్రిమెంట్లలో క్లయింట్‌కి చెప్పాల్సిన గడువు గంటల్లో ఉంటుంది, ఆ గంటలు అప్పటికే నడుస్తూ ఉంటాయి.