చలి పొద్దున కారు అదురుతుంటే ముందు ఏం చూడాలి

నాది నల్లగొండలో కిరాయి కారు, డీజిల్ బండి. వారంలో నాలుగైదు రోజులు రాత్రి మూడింటికల్లా శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు బయలుదేరతాను. పోయిన డిసెంబర్‌లో ఒకరోజు ఊరు దాటగానే స్టీరింగ్ అదరడం మొదలైంది. వెనక కూర్చున్న పెద్దమ్మ "బిడ్డా, బండెందుకు ఇట్ల వణుకుతుంది?" అని ముందు సీటు పట్టుకుంది. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కేసరికి అదురు తగ్గింది, చిట్యాల దాటాక అసలే లేదు. పగలు మెకానిక్‌కు చూపిస్తే బండి నున్నగా నడిచింది. రెండుసార్లు వీల్ బ్యాలెన్సింగ్ చేయించాను. డబ్బులు పోయాయి గానీ అదురు పోలేదు.

అప్పటి నుంచి నేను ముందు చూసేది ఒకటే: బండి నిలబడి ఉన్నప్పుడు అదురుతోందా, నడుస్తుంటేనా? నడుస్తుంటేనే అయితే ముందు టైర్ల సంగతి చూడండి.

నా బండికి జరిగింది అదే. మధ్యాహ్నం ఎండలో, టైర్లు వేడిగా ఉన్నప్పుడు గాలి కొట్టించి సరిపోయిందనుకునేవాణ్ణి. వాతావరణం ఐదారు డిగ్రీలు చల్లబడితే టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ (గేజ్ మీద గాలిని కొలిచే లెక్క) తగ్గుతుంది. మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకూ ఇరవై డిగ్రీల తేడా ఉంటే మూడు పీఎస్‌ఐకి పైనే పోయినట్టు. గాలి తగ్గిన టైరు మీద రాత్రంతా బండి బరువు పడితే నేలకు ఆనిన చోట కొంచెం చదునవుతుంది. చలికి రబ్బరు, లోపలి నైలాన్ పొర గట్టిపడి ఆ చదును అలాగే నిలుస్తుంది. పదిహేను, ఇరవై కిలోమీటర్లు నడిచి టైరు వేడెక్కితే మళ్లీ గుండ్రంగా అవుతుంది. అందుకే పగలు మెకానిక్‌కు ఏమీ కనబడలేదు. ఇప్పుడు నేను బండి తీయకముందే, చల్లని టైరుకే గేజ్ పెట్టి, డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్‌లో ఉన్న లెక్క ప్రకారం గాలి ఉంచుతాను. టైరు పక్కన ఉబ్బు కనబడితే మాత్రం ఆ టైరుతో పోవద్దు, స్టెప్నీ వేసుకోండి.

మన దగ్గర ఇంకొకటి ఉంది. యాసంగి నాట్లప్పుడు మిర్యాలగూడ వైపు పోతే ట్రాక్టర్లు రోడ్డు మీదికి తెచ్చిన బురద రిమ్ములోకి కొడుతుంది. రాత్రికి అది ఎండి గడ్డకట్టి, పొద్దున ఎనభై స్పీడు దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. రిమ్ము లోపలి వైపు వేలు పెట్టి చూడండి, గడ్డ తగిలితే గీకి కడగండి. అప్పటికీ పోకపోతే బ్యాలెన్సింగ్ చేయించండి. స్టీరింగ్‌లో అదిరితే ఎక్కువగా ముందు చక్రాలు, సీటు కింద అదిరితే వెనక చక్రాలు. బ్రేకు తొక్కినప్పుడే అదిరితే డిస్కులు చూపించాలి.

ఇక నిలబడి ఉన్నప్పుడే అదిరితే ఇంజిన్ వైపు చూడాలి. డీజిల్ బండికి తాళం తిప్పగానే మీటర్‌లో కాయిల్ గుర్తు వెలుగుతుంది. అది ఆరాకే స్టార్ట్ చేయండి. అయినా తెల్లటి పొగతో దడదడలాడి రెండు నిమిషాల్లో సర్దుకుంటే స్టార్ట్‌కు ముందు ఇంజిన్ లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్గులు చెక్ చేయించండి. పెట్రోల్ బండి అయితే స్పార్క్ ప్లగ్గులు, వాటికి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ చూపించండి. ఇంజిన్ లైటు మినుకుమినుకుమంటుంటే యాక్సిలరేటర్ తొక్కకుండా బండి పక్కకు ఆపండి. కాలని పెట్రోల్ పోయి సైలెన్సర్ పైపులో పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌ను పాడుచేస్తుంది.

ఇంజిన్ వేడెక్కినా సీటు జివ్వుమంటూనే ఉంటే ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు, అంటే ఇంజిన్ మౌంటింగులు చూడండి. రబ్బరు పాతబడితే చలికి ఇంకా బిరుసెక్కి, అదురునంతా బాడీకి పంపిస్తుంది. ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి టార్చి వేయండి. మా తమ్ముడి బండికి కుడివైపు మౌంటింగు రబ్బరు చుట్టూ వెంట్రుకంత పగులు, దాని కింద నల్లగా జిడ్డు కారిన చార కనబడ్డాయి. లోపల నూనె ఉండే రకం అది. కారిపోయాక మార్చడమే, అతుకులు నిలవవు.

మెకానిక్ షెడ్డుకు పోయేలోపే బండి వేడెక్కి అదురు పోతుంది కదా. అందుకని ముందురోజు సాయంత్రమే బండి షెడ్డులో పెట్టి, "పొద్దున నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకు అన్నా" అని చెప్పండి. తెల్లారి చల్లని ఇంజిన్ మీద ఇద్దరూ కలిసి చూడండి.