సోషల్ స్టోరీ నోటికొచ్చింది, బడిలో మాత్రం పనిచేయడం లేదు: ఎక్కడ చూడాలి?

సోషల్ స్టోరీ అంటే ఒక సందర్భంలో ఏం జరుగుతుందో, అక్కడ ఏం చేయాలో పిల్లవాడికి ఫోటోలతో, చిన్న వాక్యాలతో చెప్పే కథ. దాన్ని ట్యాబ్‌లో చేసి చూపిస్తున్నారు. పిల్లవాడు ఇష్టంగా చూస్తున్నాడు, వాక్యాలన్నీ వరుసగా అప్పజెప్పేస్తున్నాడు కూడా. బడికెళ్తే మాత్రం మధ్యాహ్న భోజనం లైన్‌లో అందరినీ తోసుకుని ముందుకెళ్లడం మారలేదు. ఆటిజం, మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు, భవిత కేంద్రాల్లో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రాలు) కొత్తగా చేరిన టీచర్లు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. స్లైడ్లు చేయడం, ఫోటోలు పెట్టడం, గొంతు రికార్డు చేయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ముందు ఇది చూడండి: కథ ఎప్పుడు చూపిస్తున్నారు?

దయచేసి దీన్ని దాటేసి కిందికి వెళ్లొద్దు. ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది ఇదే, చాలాసార్లు సమస్య ఇక్కడే తేలిపోతుంది. పిల్లవాడు తోసేశాక, ఏడుపు మొదలయ్యాక ట్యాబ్ తీసి "కథలో ఏం చెప్పారు? చూడు" అంటారు. ఆ టెన్షన్‌లో ఏ పిల్లవాడికీ ఏదీ ఎక్కదు. పైగా నాలుగుసార్లు అలా జరిగితే కథ అంటేనే తిట్లు అనుకుంటాడు, లేదంటే గొడవ చేస్తే ట్యాబ్ చేతికొస్తుందని నేర్చుకుంటాడు.

పిల్లవాడు నెమ్మదిగా ఉన్నప్పుడు, రోజూ ఒకే వేళకు చూపించండి. భోజనం బెల్లుకు ఐదు నిమిషాల ముందు ఇంకోసారి చూపించండి. వారం పది రోజులు ఇలా చేయకుండా కథ మార్చొద్దు.

కథ పెట్టగానే లేచిపోతున్నాడు

కథ తెరిచి వాక్యాలు చదవండి. "లైన్‌లో నిలబడాలి. తోయకూడదు. అరవకూడదు." ఇది కథ కాదు, ఆజ్ఞల పట్టిక. ఈ పద్ధతిని 1990ల మొదట్లో అమెరికాలోని మిషిగన్‌లో తీర్చిదిద్దిన టీచర్ కారొల్ గ్రే చెప్పింది వేరు. ఏం చేయాలో చెప్పే వాక్యం ఒకటి ఉంటే, అక్కడ ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో, ఎదుటివాళ్లకు ఎలా అనిపిస్తుందో చెప్పే వాక్యాలు కనీసం రెండు ఉండాలి. "బెల్లు కొట్టాక అందరికీ ఆకలిగా ఉంటుంది. అక్క ఒక్కొక్కరికే వడ్డించగలదు. నా ముందున్న వాళ్లకు పెట్టాక నాకు పెడుతుంది. నేను పళ్లెం పట్టుకుని ఆగుతాను." ఇలా ఉండాలి. పిల్లలకు చేసే కథల్లో సగమైనా వాళ్లు ఇప్పటికే బాగా చేస్తున్న పనుల గురించి ఉండాలని కూడా ఆమె చెబుతారు. మనవాళ్లు పూర్తిగా వదిలేసేది దీన్నే. తప్పు చేసినప్పుడే కథ వస్తుంటే ఏ పిల్లవాడు కూర్చుంటాడు?

కథ అయిపోగానే ట్యాబ్ కోసం ఏడుస్తున్నాడు

అదే ట్యాబ్‌లో యూట్యూబ్ ఉంది కాబట్టి. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్ (తెరిచిన యాప్ నుంచి బయటికి వెళ్లనివ్వని సెట్టింగులు) ఆన్ చేసి కథ ఒక్కటే తెరవండి. చివరి పేజీలో తర్వాత చేయబోయే పని ఫోటో పెట్టండి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒకరోజు చేస్తాడు, ఒకరోజు చేయడు

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. "వీడికి అర్థం కాదు" అనో, "మొండివాడు" అనో ఇక్కడే ముద్ర వేసేస్తారు. ఆ మాట అనే ముందు ఫోటో చూడండి. మీరు చూపించాలనుకున్నది కాకుండా పిల్లవాడు అందులో ఇంకేదో పట్టుకుని ఉండొచ్చు.

ఒక బాబు కథలో లైన్ పేజీకి పెట్టిన ఫోటోలో పిల్లల పక్కనే నీలం బకెట్ ఉంది. బకెట్ బయట ఉన్న రోజు బాబు చక్కగా లైన్‌లో నిలబడేవాడు. లోపల పెట్టిన రోజు నేరుగా అన్నం గిన్నె దగ్గరికి వెళ్లిపోయేవాడు. టీచర్లు మూడ్ బాగోలేదనుకున్నారు. బాబుకు మాత్రం రూలు స్పష్టంగా ఉంది: నీలం బకెట్ ఉంటే ఆగాలి.

1971లో అమెరికాలో పనిచేసిన మనస్తత్వవేత్త ఇవార్ లోవాస్ బృందం ఇలాంటి తీరునే ప్రయోగంలో చూపించింది. వెలుతురు, శబ్దం, స్పర్శ మూడూ కలిపి నేర్పితే, ఆటిజం ఉన్న పిల్లలు ముఖ్యంగా వాటిలో ఒక్కదానికే స్పందించారు. ఆటిజం ఉన్న పిల్లలందరూ ఇలా ఉండరు, మేధో వైకల్యం ఉన్న కొందరిలోనూ ఇది కనిపిస్తుంది. డిజిటల్ కథలో ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. పేజీ తిప్పితే చప్పుడు, నొక్కితే ఎగిరే నక్షత్రం, వెనక సంగీతం. పిల్లవాడు రోజూ ఆనందంగా చూస్తున్నది ఆ నక్షత్రాన్నే కావచ్చు.

సౌండ్ మ్యూట్ చేసి, వాక్యం మీద కాగితం అడ్డం పెట్టి "ఇక్కడ ఏముంది? చూపించు" అనండి. మాటలు రాని పిల్లలు వేలితో చూపించినా, బొమ్మ నొక్కితే మాట పలికే ఆవాజ్ లాంటి యాప్‌లో నొక్కినా చాలు. మీరు అందించొద్దు, కళ్లతో కూడా సైగ చేయొద్దు. వేలు బకెట్ మీదికి వెళ్తే దొరికినట్టే. సరిగ్గా చూపిస్తే, కథలో లేని కొత్త ఫోటో, అంటే అదే లైన్‌ను వేరే రోజు తీసింది, ముందు పెట్టి "ఇప్పుడేం చేయాలి?" అని అడగండి. దానికి బిక్కమొహం వేస్తే, పాత ఫోటోలో ఇంకేదో పట్టుకున్నాడన్నమాట.

ఇక బాగుచేయడం. ఫోటోను కత్తిరించి, వరుసలో ఉన్న పిల్లలు తప్ప వెనకున్నవన్నీ తీసేయండి, లేదా మసక చేయండి. ఒక పేజీలో ఒకే పని. యానిమేషన్లు, చప్పుళ్లు అన్నీ తీసేయండి. ఇది చేయడానికి చాలామందికి మనసొప్పదు, కష్టపడి పెట్టుకున్నవి కదా, అయినా తీసేయండి. అదే పేజీకి నాలుగైదు ఫోటోలు తీసుకోండి: వేరే రోజు, వేరే వడ్డించే మనిషి, వేరే పిల్లలు, కుదిరితే గుడిలో ప్రసాదం లైన్, రేషన్ షాపు లైన్. వాటిని రోజుకొకటి మార్చండి. అన్నిట్లో మారకుండా ఉండేది ఒకరి వెనక ఒకరు నిలబడటమే కాబట్టి చూపు అక్కడికే చేరుతుంది. ఫోటోలు పిల్లవాడి కళ్ల ఎత్తులో తీయండి. మన ఎత్తులో తీస్తే తలలే కనిపిస్తాయి, వాడికి నిజంగా కనిపించేది ముందున్న వాడి వీపు. ఆ తర్వాత పేజీలు ప్రింట్ తీసి, అసలు లైన్ దగ్గరే ఖాళీ వేళల్లో ఇద్దరు ముగ్గురు పిల్లలతో ఆడించండి. ఈ అడుగు లేకపోతే నేర్చుకున్నది ట్యాబ్ దగ్గరే ఆగిపోతుంది.

మిగతావి

అక్షరాల సైజు, స్క్రీన్ వెలుతురు, ఏ యాప్ అన్నవాటితో రోజులు వృథా చేయొద్దు, కారణం అక్కడ దొరకడం అరుదు. కథలో పుస్తక భాష ఉంటే ఇంట్లో మాట్లాడే మాటల్లోకి మార్చి అమ్మ గొంతుతో రికార్డు చేయండి. చూపు, వినికిడి పరీక్ష ఎప్పుడూ చేయించకపోతే అది వెంటనే చేయించండి.

పని కుదిరాక కథను ఒక్కసారిగా ఆపకుండా రోజు విడిచి రోజుకు, తర్వాత వారానికోసారికి తగ్గించండి. ఫైల్ మాత్రం డిలీట్ చేయొద్దు. వేసవి సెలవులయ్యాక జూన్‌లో బడి తెరిచే ముందు వారం మళ్లీ చూపించాల్సి వస్తుంది. అప్పటికి టీచరో, వడ్డించేవాళ్లో మారి ఉంటే కొత్త ఫోటోలు కలపండి.