గాలపు రాడ్డు మీద చీమకుర్తి రాయి (సొంతంగా రాడ్డు కట్టుకుందాం – మూడవ పాఠం)

గైడ్లు, అంటే గాలపు దారం దూరే రింగులు, ఇంకా కట్టలేదు కదా? అలాగే ఉంచండి. మొదటి పాఠంలో బ్లాంకు, అంటే ఏమీ బిగించని ఒట్టి రాడ్డు కర్ర, ఎంచుకుని దాని గట్టివైపు గుర్తించాం. రెండో పాఠంలో రీలు సీటు, కార్కు పిడి అతికించాం. ఇప్పుడు పిడికీ మొదటి గైడుకూ మధ్య మిగిలిన జానెడు చోటులో ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) రంగులు పారించబోతున్నాం. దీన్నే మార్బ్లింగ్ అంటారు.

జానెడే ఎందుకు, రాడ్డంతా వేస్తే ఇంకా అందంగా ఉండదా అని అడిగేవారు ఉంటారు. ఉండదు. మైపాడు ఒడ్డునో కృష్ణపట్నం దగ్గరి ఉప్పుటేటిలోనో పండుగప్ప ఎరను మింగి లాగినప్పుడు రాడ్డు పైభాగమే ఎక్కువ వంగుతుంది. వంగే చోట మందంగా ఎపాక్సీ పోస్తే రాడ్డు బరువెక్కి మొద్దుబారుతుంది, చివరికి పూత పగుళ్లు తీస్తుంది. పిడి పక్కన వంపు తక్కువ కాబట్టి సొగసులన్నీ అక్కడే తీర్చుకోవాలి.

అడుగుపూతకు నలుపే వాడమంటాను. ఎపాక్సీ ఎండకు పసుపెక్కుతుంది. తెల్లటి అడుగు మీద ఆ పసుపు కొట్టొచ్చినట్టు కనబడుతుంది, నలుపు మీద తెలియదు. మన తీరం ఎండలో తెలుపు ఎన్నాళ్లు తెల్లగా ఉంటుందో మీకే తెలుసు. మార్కాపురం పలకలాంటి బూడిదరంగు కూడా బాగుంటుంది కానీ దాని మీద లేత రంగులు తేలవు.

సరుకు విషయంలో పొదుపుకు పోవద్దు. ఇంట్లో విరిగినవి అతికించే ఎపాక్సీ జిగురు ఈ పనికి రాదు. అది చిక్కగా ఉంటుంది, నునుపుగా పరుచుకోదు. రాడ్డు పూతకోసమే తయారయ్యే రెండు సీసాల ఎపాక్సీ తెప్పించుకోండి: ఒకదానిలో రెసిన్, ఇంకోదానిలో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఉంటాయి. రంగులకు ఎపాక్సీ పిగ్మెంటు పేస్టు, అభ్రకపు పొడి చాలు. పిల్లల పోస్టరు రంగుల్లో నీరు ఉంటుంది, అవి కలిపితే పూత సరిగా గట్టిపడదు. పిగ్మెంటు కూడా ఎపాక్సీలో 5 శాతం దాటకూడదు. నైట్రైల్ చేతితొడుగులు తప్పనిసరి. హార్డెనర్ పదేపదే తగిలితే కొందరికి చర్మం దద్దుర్లెక్కుతుంది, ఒకసారి పట్టుకున్న ఆ అలర్జీ మళ్లీ వదలదు.

రాడ్డును తిప్పడానికి పాత మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్లెం తిప్పే చిన్న మోటారు సరిపోతుంది. నిమిషానికి 5, 6 చుట్లు తిరుగుతుంది, మనకు కావలసింది అంతే. కొన్ని మోటార్లు ఇంటి కరెంటుకు, కొన్ని తక్కువ వోల్టేజీకి చేసినవి ఉంటాయి. వీపు మీది అక్షరాలు చదివాకే తీగ తగిలించండి. స్విచ్చి వేసిన ప్రతిసారీ ఇది ఒకే వైపు తిరగాలని లేదు, దానికి కంగారుపడవద్దు.

ముందుగా బ్లాంకును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పొద్దున తలకు రాసుకున్న కొబ్బరినూనె వేళ్ల మీద మిగిలి ఉంటే చాలు, అది అంటిన చోట పూత విడిపోయి గుంటలు పడతాయి. తుడిచాక రెండు చివరలా టేపు చుట్టి, నలుపు కలిపిన ఎపాక్సీ పలుచగా పూసి, ఒక రోజు ఆరనిచ్చి, స్క్రబ్బరుతో మెరుపు పోయేదాకా రుద్ది మళ్లీ తుడవండి. ఇంతవరకు ఎవరైనా చేయగలరు. అసలు పని ఇక మొదలు.

రెసిన్‌కు ఒక సిరంజి, హార్డెనర్‌కు ఇంకో సిరంజి పెట్టుకోండి, ఎప్పుడూ మార్చవద్దు. సీసా మీద 1:1 అని ఉంటే అది ఘనపరిమాణం లెక్క. రెసిన్ బరువెక్కువ కాబట్టి త్రాసులో సమానంగా తూచితే లెక్క తప్పుతుంది. ఒక్కొక్కటి 3 మిల్లీలీటర్లకు తగ్గకుండా తీసుకోండి, అంతకన్నా తక్కువైతే చిన్న తేడా కూడా పెద్దదవుతుంది. కప్పు అంచులు గీకుతూ నిదానంగా నాలుగు నిమిషాలు కలపండి. వెంటనే అల్యూమినియం రేకు మీద పల్చగా పోసేయండి. కప్పులో ఉంచితే తన వేడికి తానే ఉడికి త్వరగా గట్టిపడుతుంది. రేకు మీద చిన్న మడుగులుగా విడదీసి, ఒకదానిలో రంగేమీ కలపకుండా ఉంచి, మిగిలినవాటిలో తలా ఒక రంగు పుల్లతో కలపండి. రెండు రంగులు చాలు, మూడు దాటితే బురదే.

ఇక ఆగాలి. ఈ విద్యలో చేయి తిరగడానికి రంగుల ఎంపిక కంటే ఈ ఆగడమే ముఖ్యం. పుల్ల పైకెత్తి చూడండి. ఎపాక్సీ చుక్కలుగా రాలితే అది లేత పాకం: ఇప్పుడు పూస్తే రంగులన్నీ ఒకదానిలో ఒకటి కలిసి మట్టిరంగుగా మిగులుతాయి. తెగకుండా సన్నని దారంలా సాగితే తీగపాకం: పూయవలసింది అప్పుడే. పుల్లకు అంటుకుని ముద్దగా లేస్తే ముదిరిపోయింది, పారేయండి. తీగపాకం ఎన్ని నిమిషాలకు వస్తుందో గడియారం చెప్పలేదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే మన చేతిలో ఉండే సమయం దాదాపు సగమవుతుంది. కాబట్టి మే నెల మధ్యాహ్నం ఒంగోలులో సీసా మీద రాసిన నిమిషాలను నమ్మవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల తేమలో, పూత మీద మైనంలాంటి పొర తేలే అవకాశం ఉంది. ఆరాక గోరువెచ్చని నీటితో కడిగితే పోతుంది. అది కడగకుండా మాత్రం పై పూత వేయవద్దు.

తీగపాకం వచ్చాక నలుపు మీద రంగు లేని ఎపాక్సీ పలుచగా పూసి మోటారు వేయండి. పాలరాతి చారలు కావాలంటే తిరుగుతున్న రాడ్డు మీద రంగును పుల్లతో వంకరగా జారవిడిచి, పుల్ల తీసేయండి. సరిదిద్దాలనిపిస్తుంది, ముట్టవద్దు. చార తనంతట తానే పారి, అంచులు సన్నబడి, ఒకచోట నిలుస్తుంది. ఇంకొంచెం కదలాలంటే స్పిరిట్ దీపపు సెగ కిందినుంచి ఒక్క క్షణం చూపించండి, బుడగలు కూడా పగులుతాయి. దీపం వెలుగుతున్నంతసేపు తుడవడానికి వాడిన ఆల్కహాల్ సీసా ఆ గదిలోనే ఉండకూడదు.

నాకు మాత్రం చారలకన్నా చుక్కలే ఇష్టం. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డులో 20 కిలోమీటర్లు వెళితే చీమకుర్తి. అక్కడి బ్లాక్ గెలాక్సీ రాయిని ఒకసారి ఎండలో అటూఇటూ తిప్పి చూడండి. నల్లటి నేలలో బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులు ఒక కోణంలో బంగారంలా వెలిగి, కొంచెం తిప్పగానే ఆరిపోతాయి. చారా లేదు, వరుసా లేదు. దీన్ని తేవాలంటే మెత్తని పొడి పనికిరాదు, అది మొత్తానికీ ఒకే మెరుపునిస్తుంది. రాగిరంగు అభ్రకపు ముతక రేకులు కావాలి. నలుపులో కలిపితే మునిగిపోతాయి కాబట్టి పైనున్న పారదర్శక పూత తీగపాకం దాటి జిగటపడ్డాక, పొడి కుంచెకు రేకులు అంటించి, జానెడు ఎత్తునుంచి వేలితో తట్టండి. రేకులు ఎక్కడ పడితే అక్కడే ఆగుతాయి. చూసినవారు ‘ఇంకొంచెం వేస్తే బాగుండేది’ అనేంత తక్కువ వేయండి. కిక్కిరిసిన చుక్కలు పెళ్లి కార్డు మీద తళుకులా ఉంటాయి తప్ప రాయిలా ఉండవు.

మోటారు కనీసం ఆరు గంటలు తిరగాలి, ఒక రోజు వరకు వేలు పెట్టవద్దు. కరెంటు పోతే ఇన్వర్టరు ఉన్నవారికి చింత లేదు. లేనివారు చేత్తో నిమిషానికోసారి సగం చుట్టు తిప్పుతూ కూర్చోవాలి. పూత కిందికి జారి గడ్డకట్టిందంటే ఇసుక కాగితంతో గంటల పని.

వచ్చే పాఠంలో టేపు ఊడదీసి, రెండు అంచులను దారపు చుట్లతో కప్పి, గైడ్లు కట్టి, పై పూత వేద్దాం. ఈలోగా బ్లాంకు జోలికి వెళ్లకుండా అరంగుళం పీవీసీ గొట్టం ముక్కల మీద ఇవే చేయండి. ప్రతి ముక్క మీద ఆ రోజు గది వేడి, తీగపాకానికి పట్టిన నిమిషాలు మార్కరుతో రాసి దాచండి.