కోలారు బంగారు గనుల చరిత్రను పరిశోధించడం ఎలా?

కర్ణాటకలోని కోలారు గనుల గురించి రాసేవారిలో చాలామంది ఎంత లోతు తవ్వారు, ఎంత బంగారం వచ్చింది అన్న రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతారు. సుమారు 800 టన్నుల బంగారం, చాంపియన్ రీఫ్ అనే గనిలో 3 కిలోమీటర్లు దాటిన లోతు నిజంగా అబ్బురపరిచేవే. అయితే వర్షాధారపు సేద్యం మీద బతికే ఒక జిల్లా నూరేళ్లకు పైగా గనులతో ఎలా ముడిపడిందో ఆ అంకెల వల్ల తెలియదు. చిత్తూరు వైపు నుంచి గని పనికి వెళ్లిన పెద్దల ఆనవాళ్లు వెతికేవారికీ, చరిత్ర విద్యార్థులకూ ఉపయోగపడుతుందని ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

పని పటంతో మొదలుపెట్టాలి. బంగారం ఉన్న శిలల పట్టీ ఉత్తర దక్షిణాలుగా సన్నగా సాగి, దక్షిణ కొసన ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పం ప్రాంతంలోకి ప్రవేశిస్తుంది. బంగారుపేట నుంచి మారికుప్పం వెళ్లే చిన్న రైలు మార్గాన్ని పటంలో గుర్తిస్తే ఊరిగాం, చాంపియన్ వంటి పేర్లు వరుసగా కనిపిస్తాయి. పాత ఆంగ్ల రికార్డులలో బంగారుపేట పేరు బౌరింగ్‌పేట అని ఉంటుంది కాబట్టి రెండు పేర్లతోనూ వెతకాలి.

తరువాత కాలాన్ని విడదీసుకోవాలి. కంపెనీలకు ముందే ఇక్కడ తవ్వకాలు జరిగాయి. 1802లో మైసూరు సరిహద్దుల సర్వేకు వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, గ్రామస్థులు మట్టిని కడిగి బంగారం తీయడం చూసి నివేదిక రాశాడు. ఆ నివేదిక చదివిన మైఖేల్ లావెల్ అనే మాజీ సైనికుడు 1870లలో మైసూరు ప్రభుత్వం నుంచి తవ్వకపు హక్కు సంపాదించాడు. బెంగళూరులోని లావెల్ రోడ్డు అతని పేరిటే ఉంది. పెట్టుబడి చాలక ఆ హక్కు చేతులు మారింది. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ అడుగుపెట్టాకే గనులు నిలదొక్కుకున్నాయి. 1956లో మైసూరు రాష్ట్ర ప్రభుత్వం, 1962లో కేంద్రం గనులను తమ అధీనంలోకి తీసుకున్నాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది, 2001 ఫిబ్రవరి 28న తవ్వకం ఆగింది. యజమాని మారిన ప్రతిసారీ కాగితాలు ఉండే చోటు కూడా మారుతుంది కనుక ఈ తేదీలను దగ్గర ఉంచుకోవాలి.

మైసూరు సంస్థాన కాలపు పాలనా పత్రాల కోసం బెంగళూరులోని కర్ణాటక రాష్ట్ర పురాలేఖాగారంలో మొదట వెతకాలి. గెజెటీర్లు (ప్రాంతాల వివరాలతో ప్రభుత్వం ప్రచురించిన గ్రంథాలు), గనుల తనిఖీ అధికారుల వార్షిక నివేదికలు, భూవిజ్ఞాన శాఖ ప్రచురణలు కూడా చూడాలి. కంపెనీల వాటాదారులు ప్రధానంగా బ్రిటన్‌లో ఉండేవారు కాబట్టి వారికి పంపిన లెక్కల కోసం అక్కడి గ్రంథాలయాలను సంప్రదించాలి. బంగారం లెక్క ఔన్సులలో కనిపిస్తే దానిని 31.1 గ్రాముల ట్రాయ్ ఔన్సుగా తీసుకోవాలి. వంటింటి సరుకులు తూచే ఔన్సుగా లెక్కిస్తే మొత్తం తప్పిపోతుంది.

ఈ పత్రాలను చదివేటప్పుడు బంగారం పక్కనే నీరు, విద్యుత్తు ఎవరికి చేరాయో గమనించాలని నా గట్టి సలహా. కావేరి మీది శివసముద్రంలో తయారైన విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్ల తీగల మీదుగా 1902లో గనులకు చేరింది. సంస్థాన పాలనా కేంద్రమైన బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో. గనుల కాలనీలకు నీరు పాలారు మీది బేతమంగళం చెరువు నుంచి వచ్చేది. చుట్టుపక్కల పల్లెల రికార్డులను వీటితో పోల్చి చూస్తే ఎవరికి ఏది ముందు అందిందో తేటతెల్లమవుతుంది.

కార్మికుల చరిత్రకు కాగితాలు చాలవు. అప్పటి మద్రాసు ప్రాంతపు ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చిన తమిళ దళితులు అత్యధికులు కాగా తెలుగువారూ, ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని నిపుణులూ ఇక్కడ పనిచేశారు. కార్మిక లైన్లలో (కార్మికుల వరుస ఇళ్లలో) వృద్ధులతో మాట్లాడేటప్పుడు జీతం కన్నా ముందు ఏ షాఫ్టులో (గనిలోకి దిగే నిలువు బావిలో), ఏ షిఫ్టులో, ఎవరితో కలిసి దిగేవారో అడగండి. పని వివరాల వెంట మిగతా జ్ఞాపకాలు వాటంతట అవే వస్తాయి. లోతున రాతి ఒత్తిడి వల్ల జరిగే పేలుళ్లను పాత నివేదికలు ఎయిర్ బ్లాస్ట్ అనీ, తరువాతివి రాక్ బరస్ట్ అనీ రాశాయి. కుటుంబం చెప్పిన ప్రమాదం ఒక పేరు కింద దొరక్కపోతే రెండో పేరు కింద చూడాలి. రాతి ధూళి ఊపిరితిత్తులను తినేసే సిలికోసిస్ వల్ల పోయినవారి మరణ కారణం క్షయ అని నమోదై ఉండే అవకాశం ఉంది కనుక ఒక్క పత్రాన్నే ప్రమాణంగా తీసుకోవద్దు. అనుమతి లేకుండా ఎవరి మాటలూ రికార్డు చేయకూడదు, ఆరోగ్య వివరాలను పేర్లతో ప్రచురించకూడదు.

స్థలాన్ని చూడడానికి వెళితే ముందుగా అనుమతి తీసుకోవాలి. మూసిన షాఫ్టుల అంచులకు వెళ్లకూడదు. బంగారాన్ని సయనైడ్‌తో వేరుచేశాక మిగిలిన పిండిమట్టి కోట్ల టన్నుల దిబ్బలుగా పేరుకుని ఉంది. గాలి వీచే రోజుల్లో అటు పోకపోవడం మంచిది, ఆ మట్టిని నమూనాగానైనా ఇంటికి తేవద్దు. గనులను మాత్రమే చూసి తిరిగి రాకుండా, ఇదే శిలల పట్టీ మీద ఉన్న కుప్పం వైపు చిగురుగుంట, బిసానత్తంలకు కూడా వెళ్లండి. చిగురుగుంటలోనూ భారత్ గోల్డ్ మైన్స్ సంస్థే తవ్వకం సాగించింది. అక్కడి భూముల రికార్డులు మాత్రం ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ కార్యాలయాలలో వెతకాలి.