లంక గ్రామంలో జరిగే అపరాధ పరిశోధన కథకు దాచిన తప్పులను సమకూర్చుకోవడం ఎలా?

అపరాధ పరిశోధన నవలను చివరి పుట దాకా చదివించేది హంతకుడెవరన్న ప్రశ్న ఒక్కటే కాదు. అందులోని ప్రతి మనిషీ ఏదో దాస్తున్నాడన్న అనుమానం అంతకంటె బలమైనది. గోదావరి పాయల నడుమ దీవుల్లా ఉండే కోనసీమ లంకల నేపథ్యంలో అటువంటి కథ రాయదలచినవారు ఆంగ్ల రచయిత్రి అగాథా క్రిస్టీ 1939లో వెలువరించిన ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ నవలను ఒకసారి కథ కోసం, మరొకసారి పాత్రల అపరాధ భావం కోసం చదవాలి. ఇంగ్లండులోని డెవాన్ తీరానికి ఎదురుగా ఉన్న చిన్న దీవిలో చేరిన పదిమంది పాత నేరాలను ఒక గ్రామఫోను రికార్డు బయటపెడుతుంది. తాగిన మత్తులో ఆపరేషను చేసి రోగి చావుకు కారణమైన డాక్టరు, గర్భవతి అయిన పనిపిల్లను వెళ్ళగొట్టి ఆమె చావుకు కారణమైన వృద్ధురాలు, తన భార్య ప్రియుణ్ణి కావాలనే చావుకు పంపిన సైనికాధికారి వారిలో ఉన్నారు. ఈ చావులకు వీరెవరినీ ఏ కోర్టూ శిక్షించలేదు.

కాబట్టి మొదట ఎంచుకోవలసింది చట్టానికి చిక్కని తప్పును. రేవులో పడవ నడిపే హక్కును వేలంపాటలో పాడుకుని, రాబడి కోసం పడవలో పట్టనంత మందిని ఎక్కించిన పాటదారు. నొప్పులు పడుతున్న కోడలిని తెల్లవారాక ఆసుపత్రికి తీసుకువెళ్ళవచ్చునని ఆపిన అత్తగారు. ఏటిగట్టు బలహీనపడిందని తెలిసి కూడా తన చేపల చెరువు కోసం నోరు మెదపని రైతు. వీరిని హంతకులనలేము, నిర్దోషులనీ అనలేము. కథ నిలబడేది ఈ సందిగ్ధం మీదనే.

ఊరిని బయటి ప్రపంచం నుంచి విడదీయడానికి కల్పన అక్కరలేదు, వరద చాలు. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ అవుతాయి. ఒక్కొక్క హెచ్చరికతో కాజ్‌వే మునగడం, పడవలు ఆగడం, పోలీసుల రాక ఆలస్యం కావడం చూపవచ్చు.

అన్నిటికంటె కష్టమైన భాగం రహస్యాన్ని దాచడం. క్రిస్టీ దీవిలో అతిథులు దాదాపుగా అపరిచితులు, కనుక ఒకరి గతం మరొకరికి తెలియదు. లంక గ్రామంలో అలా కుదరదు. పడవ ఎందుకు మునిగిందో, కోడలు ఎలా పోయిందో ఊరందరికీ తెలుసు, కానీ ఎవరూ ఎత్తరు. అందువల్ల ఇక్కడ దాగి ఉండేది సమాచారం కాదు, ఊరంతా కలిసి పాటించే మౌనం. పాటదారు అరుగు మీద కూర్చుంటే పడవల మాట ఆగిపోవడం, అత్తగారి ముందు పురుళ్ళ ప్రస్తావన రాకుండా ఇరుగుపొరుగు జాగ్రత్తపడడం వంటి వివరాలతో పాఠకుడికి ముందే అనుమానం కలిగించాలి. పేరు పెట్టి చెప్పడం మాత్రం ఆలస్యం చేయాలి.

పాత్రలందరికీ ఒకే తరహా పశ్చాత్తాపం ఇవ్వకూడదు. ఆ నవలలో సైనికాధికారి తన తప్పును ఒప్పుకుని సముద్రం ఒడ్డున చావు కోసం ఎదురుచూస్తాడు. వృద్ధురాలు తనది తప్పే కాదంటూనే, మగతలో తన డైరీలో చనిపోయిన పనిపిల్ల పేరు రాసుకుంటుంది. పిల్లల మీదుగా కారు నడిపిన యువకుడికి ఏ బాధా లేదు. నా దృష్టిలో ఆ వృద్ధురాలి పాత్రే గొప్ప పాఠం, ఎందుకంటే నోరు కాదన్నదాన్ని ఆమె చేయి రాసింది. మీ కథలోని అత్తగారిని ఏడిపించకండి. మనవరాలికి జ్వరం వచ్చిన రాత్రి ఆమె ఒక్కతే రేవుకు పోయి పడవ సరంగును నిద్రలేపితే చాలు.

చివరి ఆధారాన్ని ఊరి కాగితాలలోనే ఉంచండి. రేవు పాట రసీదు, ప్రామిసరీ నోటు, ఆశా కార్యకర్త నోటుపుస్తకంలో కొట్టివేసిన ఒక తేదీ వంటివి మొదటి అధ్యాయాలలోనే పాఠకుడి కంటపడాలి. ముగింపులో కొత్తగా తెచ్చిన సాక్ష్యం అతన్ని మోసగిస్తుంది.